నెట్స్ బాగున్నాయి, పుట్టిన తేదీ దగ్గరే పేచీ: పాలమూరులో ఒక క్రికెట్ కోచింగ్ క్యాంపు

మహబూబ్‌నగర్‌లో మా అబ్బాయిని ఈ వేసవిలో పంపిన క్రికెట్ కోచింగ్ క్యాంపు గురించి రాస్తున్నాను. పేరు రాయను. రాస్తే ఆ కోచ్ పొట్ట మీద కొట్టినట్టవుతుంది, అంత పని చేయాలని నాకు లేదు. చదివాక అది ఏదో తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లు ఏ క్యాంపుకు పోయినా ఇందులో కొన్ని మాటలు పనికొస్తాయి.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. పదమూడేళ్లు అయింది. మా ఆయనది మోటర్ వైండింగ్ షాపు, అంటే ఎండాకాలం ఊపిరి సలపని పని. ఒక్కడే కొడుకు, తొమ్మిదో తరగతిలోకి వచ్చాడు. సెలవుల్లో ఇంట్లో ఉంటే ఫోన్ వదలడు, అందుకే క్యాంపు. నాకు క్రికెట్ పెద్దగా తెలియదు అనుకునేదాన్ని. నలభై ఐదు రోజులు ఆ సిమెంటు బెంచీ మీద కూర్చుని ఇప్పుడు ఇన్‌స్వింగ్ ఏదో, అవుట్‌స్వింగ్ ఏదో చెప్పగలను.

ముందు బాగున్నవి చెబుతా. 45 రోజులకు 6,000 తీసుకున్నారు. ఉదయం బ్యాచ్ 5:45కు మొదలై 8:30కు అయిపోతుంది. నాలుగు నెట్స్ ఉన్నాయి, అంటే చుట్టూ వల కట్టిన ప్రాక్టీసు పిచ్‌లు. రెండింటిలో సిమెంటు మీద మ్యాట్, ఒకటి మట్టి పిచ్, నాలుగోదాంట్లో బౌలింగ్ మెషిన్. మ్యాట్ ఒకటి సరిగ్గా బంతి పడేచోట చిరిగి ఉంది, అక్కడ పడితే ఒకసారి మోకాలికి, ఒకసారి ముక్కుకు వస్తుంది. రెండు వారాలు చెప్పంగా చెప్పంగా కుట్టించారు. మెషిన్ మాత్రం అసలైన సరుకే. కరెంటు ఉన్నంతసేపు.

కోచ్ గురించి అబద్ధం చెప్పను, పని తెలిసినవాడు. మావాడికి కార్క్ బాల్ అంటే భయం. బంతి బౌలర్ చేతిలోంచి రాకముందే కాలు పక్కకు, లెగ్ అంపైర్ వైపు పోయేది. ఇంట్లో మా ఆయన తిట్టేవాడు, తిడితే ఇంకా దూరం పోయేది. ఈయన తిట్టలేదు. పాత సాక్సులో బంతి వేసి వేపకొమ్మకు వేలాడదీసి రోజూ రెండు వందల సార్లు కొట్టించాడు. తర్వాత టెన్నిస్ బంతిని బకెట్లో ముంచి తడిబంతి వేశాడు, జారుకుంటూ వస్తుంది కానీ తగిలితే నొప్పి తక్కువ. పదో రోజుకు కాలు నిలబడింది. పన్నెండో రోజు లెదర్ బాల్‌తో మోచేతి మీద దెబ్బ తగిలి, ఏడవకుండా మళ్లీ గార్డు తీసుకున్నాడు. ఆ పొద్దు నేను డ్యూటీకి ఆలస్యంగా పోయాను, ఫరవాలేదనిపించింది.

కిట్ విషయం: కాశ్మీర్ విల్లో బ్యాట్ వాళ్ల దగ్గరే కొనమంటారు, బయట షాపుకంటే మూడు నాలుగు వందలు ఎక్కువ. మేము బయట కొన్నాం, ఎవరూ మొహం మాడ్చలేదు. తాగే నీళ్ల క్యాన్ ఎనిమిదింటికే ఖాళీ. ఇంకొకటి, ఆడవాళ్లకు బాత్రూం లేదు. పొద్దున్నే పిల్లల్ని దింపడానికి వచ్చేది ఎక్కువ తల్లులమే. మూడు గంటలు కూర్చోవాలంటే ఎట్లా? అడిగితే "వచ్చే ఏడు కట్టిస్తం మేడమ్" అన్నారు. రాసి పెట్టుకున్నాను.

ఇక పేచీ.

మొదటిది చిన్నదే. మూడో ఆదివారం జడ్చర్ల పిల్లలతో 25 ఓవర్ల మ్యాచ్ పెట్టారు. మావాడు మూడో నంబర్లో దిగాడు. నాలుగో బంతికే బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడింది. ఆ టిక్ శబ్దం షెడ్డు కింద కూర్చున్న నాకే వినిపించింది. అంపైర్‌గా నిలబడింది క్యాంపులోనే సీనియర్ అబ్బాయి, తల అడ్డంగా ఊపాడు. జడ్చర్ల పోరగాళ్లు "తొండి, తొండి" అని ఒకటే లొల్లి. మావాడు బ్యాట్‌తో పిచ్ తట్టుకుంటూ అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత 34 కొట్టాడు. ఆట అయ్యాక కోచ్ వాడి భుజం తట్టి, "అదీ మెచ్యూరిటీ అంటే" అన్నాడు.

స్కూటీ మీద వస్తుంటే అడిగాను.

"తగిలిందా?"

"తగిలింది."

"మరి?"

"అంపైర్ ఇయ్యలే కదమ్మా."

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే, వాడు చెప్పిందే రైటు అన్నాడు. 2003 వరల్డ్ కప్ సెమీఫైనల్లో శ్రీలంక మీద అంపైర్ అవుట్ ఇవ్వకపోయినా ఆస్ట్రేలియా బ్యాటర్ గిల్‌క్రిస్ట్ తనంతట తాను నడిచి వెళ్లిపోయాడట, ఇరవై ఏళ్ల తర్వాత కూడా దాన్ని చెప్పుకుంటున్నారంటే అట్లా నడిచేవాళ్లు ఎంత తక్కువో చూడు అన్నాడు. నేను ఆ వాదన ఒప్పుకున్నాను. తేల్చాల్సింది అంపైర్, వాడు తేల్చాడు. దీనికి శిక్ష అంటూ ఏమీ ఉండదు, ఉండనక్కరలేదు కూడా. నాకు నచ్చనిది కోచ్ భుజం తట్టడం. నడవకపోతే పోనీ, దానికి మెచ్యూరిటీ అని పేరెందుకు?

రెండోదే అసలు సంగతి. క్యాంపు నెల దాటాక ఒక పొద్దున కోచ్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"అక్కా, జర కూసోండ్రి. బాబు మంచిగ ఆడుతున్నడు. గానీ వయసు తోని ఇబ్బందున్నది. అండర్-14కు దాటిపోతడు. అండర్-16ల పెద్ద పోరల తోని తట్టుకోలేడు, పక్కకు పడిపోతడు."

"అయితే?"

"రెండేండ్లు తగ్గిస్తే అండర్-14 రెండు సీజన్లు ఆడొచ్చు. బర్త్ సర్టిఫికెట్ లేట్ రిజిస్ట్రేషన్ చేయిద్దాం. తెలిసిన మనిషున్నడు. ఎనిమిది వేలైతది. స్కూలు మారుస్తే సరిపాయె, ఆరో తరగతిల ఎయ్యాలె."

నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు: "అందరు చేస్తున్నదే అక్కా. హైదరాబాద్ల పోరలు పొద్దున గడ్డం గీక్కొని వచ్చి అండర్-14 ఆడుతున్నరు. మనం నిజం చెప్పి ఇంట్ల కూసుందామా?"

ఇది విన్నప్పుడు నాకు కోపం రాలేదు, నిజం. నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ మాట నేను బస్సులో రోజూ వింటాను.

మా దగ్గర అయిదేళ్లు దాటి పన్నెండేళ్లలోపు పిల్లలకు హాఫ్ టికెట్. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు, ఆడపిల్లలకు జీరో టికెట్ కాబట్టి ఇప్పుడు వయసు తగాదా మగపిల్లలతోనే. నారాయణపేట బస్సులో ఒకసారి మరికల్‌లో తండ్రీకొడుకులు ఎక్కారు. కొడుక్కు నూనూగు మీసం, గొంతు మారిపోయింది. "ఒక ఫుల్లు, ఒక హాఫ్" అన్నాడు తండ్రి. "బాబుకెన్నేళ్లు?" అంటే "పదకొండు మేడమ్, జర పొడుగు పెరిగిండు" అన్నాడు. నేను పిల్లాణ్ని చూసి "ఏం చదువుతున్నవురా?" అని అడిగాను. వాడు "టెన్త్" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకుని తండ్రి వైపు చూశాడు. బస్సంతా నవ్వింది. తండ్రి కూడా నవ్వి ఫుల్ టికెట్ డబ్బులిచ్చాడు. పిల్లాడు మాత్రం నవ్వలేదు. నారాయణపేట దాకా కిటికీలోంచే చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పట్టుబడింది నాయన, సిగ్గుపడింది వాడు.

కోచ్ ముందు కూర్చున్నప్పుడు నాకు కనిపించింది ఆ పిల్లాడే. మావాణ్ని సెలక్షన్‌లో ఎవరన్నా "ఏం చదువుతున్నవు" అంటే ఏమనాలి?

"ఆలోచించి చెప్తా సార్" అని వచ్చేశాను. ఆలోచించడానికి ఏమీ లేదు. కానీ మా ఆయనను అడగకుండా కాదనలేను కదా.

రెండు మూడు రోజులు ఆ సిమెంటు బెంచీ మీద ఇదే చర్చ. ఆఫీసు గదికి పిలిచింది నన్నొక్కదాన్నే కాదని అప్పుడే తెలిసింది. ఒక ఎరువుల దుకాణం అన్న అప్పటికే పని మొదలుపెట్టాడు. ఇంకొక సార్, టీచరే, "పట్టుబడితే ఏమైతది?" అని లెక్కలు వేస్తున్నాడు. మా ఆయన ఒకరోజు వచ్చి కూర్చున్నాడు. తొండి చేసిన ఆటగాడికి ఎంత శిక్ష ఉండాలి అన్న దాని మీద మగవాళ్లు ముగ్గురూ మూడు దిక్కులు. నేను వింటూ, మధ్యమధ్యలో ఫోన్‌లో చూసి సరిచేస్తూ ఉన్నాను.

ఎరువుల అన్నది జీవితకాల నిషేధం పార్టీ. తన కొడుక్కు దొంగ సర్టిఫికెట్ చేయిస్తూ ఆ మాట ఎట్లా అనగలిగాడో నాకు అర్థం కాలేదు, కానీ అన్నాడు. "డబ్బు తీసుకొని ఓడిపోయేటోడు వేరు, నా కొడుకు గెలిచేటందుకు ఆడుతున్నడు." మా ఆయన దానికి అజారుద్దీన్ కథ ఎత్తాడు. మా ఆయనకు అజార్ అంటే పిచ్చి. మన హైదరాబాద్ మణికట్టు, 99 టెస్టులు. 2000 డిసెంబర్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ చేశాడని బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబర్‌లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు. "చెల్లదని తేలేసరికి ఆట వయసే అయిపాయె. మరి ఆ పన్నెండేండ్లు ఎవరు తెచ్చిస్తరు?" అన్నాడు. బౌలర్ శ్రీశాంత్‌దీ అంతే. 2013లో జీవితకాలం అన్నారు, సుప్రీంకోర్టు 2019లో మళ్లీ ఆలోచించమంటే అది ఏడేళ్లయింది, 2020 సెప్టెంబర్‌తో తీరింది. జీవితకాలం అనే మాట చెప్పడానికి బరువుగా ఉంటుంది, కోర్టు మెట్లెక్కితే నిలబడేది తక్కువ. నిలబడేంత శిక్షే వేయాలి అని మా ఆయన. ఇది నాకు సమంజసంగా అనిపించింది. మా కొలువులో కూడా అంతే. బ్యాగులో లెక్కకంటే పది రూపాయలు ఎక్కువున్నా తక్కువున్నా రాతపూర్వకంగా జవాబు చెప్పుకునే అవకాశం ఉంటుంది. అది లేకపోతే ఏ శిక్షా శిక్ష కాదు.

టీచర్ సారు ఇసుక కాగితం గురించి మొదలుపెట్టాడు. 2018 మార్చిలో కేప్ టౌన్ టెస్టు. ఒకవైపు గరుకు చేస్తే బంతి గాల్లో ఎక్కువ తిరుగుతుందని ఆస్ట్రేలియా ఆటగాడు బ్యాన్‌క్రాఫ్ట్ పసుపుపచ్చ ముక్కతో దాన్ని రుద్దడం కెమెరాలో పడింది, అంపైర్లు చూస్తారని ఆ ముక్కను ప్యాంటులో దాచుకోవడం కూడా పడింది. ముందు టేప్ అన్నారు, తర్వాత శాండ్‌పేపర్ అని తేలింది. ప్రపంచ క్రికెట్‌ను నడిపే ఐసీసీ కెప్టెన్ స్మిత్‌కు ఇచ్చింది ఒక్క టెస్టు నిషేధం, మ్యాచ్ ఫీజు మొత్తం కోత. వాళ్ల సొంత బోర్డు మాత్రం స్మిత్‌కు, వార్నర్‌కు చెరో 12 నెలలు, బ్యాన్‌క్రాఫ్ట్‌కు 9 నెలలు ఇచ్చింది. "బంతి రుద్దినందుకు ఏడాదా? మన ద్రావిడ్‌కు 2004లో చప్పరించే బిళ్ల బంతికి తగిలిందని సగం ఫీజే కోసిండ్రు" అని సారు. అది కూడా నిజమే, బ్రిస్బేన్‌లో జింబాబ్వే మీద మ్యాచ్.

ఇక్కడ నాకు తట్టింది చెప్పాను. నాకు ఆ నెలల లెక్కకంటే ఆ ముగ్గురి వరసే ముఖ్యం. రుద్దినవాడికి అది ఎనిమిదో టెస్టు. కొత్త పిల్లాడు. రుద్దమని చెప్పింది వైస్ కెప్టెన్ వార్నర్ అని బోర్డే తేల్చింది. కెప్టెన్‌కు తెలిసీ ఆపలేదు. చేత్తో రుద్దినవాడికి తక్కువ, చెప్పినవాడికి, చూసి ఊరుకున్నవాడికి ఎక్కువ. చెప్పినవాడికి ఇంకొకటి కూడా వేశారు, ఇక ఎప్పటికీ కెప్టెన్సీ ఇవ్వం అని. 2024 అక్టోబర్‌లో అది ఎత్తేశారనుకోండి, అప్పటికి ఆయన అంతర్జాతీయ ఆట మానేశాడు. ఆ వరస నాకు నచ్చింది.

లండన్ లార్డ్స్ మైదానం కథలోనూ అదే వరస. 2010 ఆగస్టులో పాకిస్తాన్ బౌలర్లు ఆసిఫ్, ఆమిర్ డబ్బు కోసం ముందే చెప్పి మరీ మూడు నోబాల్స్ వేశారు. కెప్టెన్ సల్మాన్ బట్‌కు పదేళ్లు, అందులో అయిదు మళ్లీ తప్పు చేస్తేనే అమలు. ఆసిఫ్‌కు ఏడు, అందులో రెండు అట్లాగే. ఆమిర్‌కు అయిదు. 2011 నవంబర్‌లో లండన్ కోర్టు జైలు కూడా వేసింది, బట్‌కు 30 నెలలు, ఆసిఫ్‌కు 12, ఆమిర్‌కు 6. నోబాల్స్ వేసిన రోజుకు ఆమిర్‌కు 18 ఏళ్లు. మా ఆయనకు ఆమిర్ పేరెత్తితేనే మంట. వాడు తిరిగొచ్చి 2017 చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో రోహిత్‌ను, కోహ్లీని, ధావన్‌ను పంపించాడు, మనం 180 పరుగులతో ఓడాం. "వానికి జీవితకాలం ఏసుంటే ఆ కప్పు మనదే" అంటాడు. ఇందాక అజార్ విషయంలో జీవితకాలం తప్పన్న మనిషే. మగవాళ్ల న్యాయం కప్పులు ఎవరివో చూసి నడుస్తుంది, ఏం చేస్తాం.

నేను మాత్రం 18 ఏళ్లవాడికి అయిదేళ్లు సరిపోయింది అంటాను. వాడికి చెప్పిన కెప్టెన్‌కు రెట్టింపు. తూకం అంటే అట్లా ఉండాలి.

మరి మన పిల్లల సంగతి చూడండి. వయసు దాచి పట్టుబడితే మన క్రికెట్ బోర్డు బీసీసీఐ రెండేళ్లు నిషేధం అంటుంది. 2020లో ఒక అవకాశం కూడా ఇచ్చారు, తమంతట తాము వచ్చి అసలు తేదీ చెప్పుకుంటే శిక్ష లేదు, సరైన వయసు గ్రూపులో ఆడుకోవచ్చు, చెప్పకుండా దొరికితే రెండేళ్లు అని. అది మంచి పద్ధతి. అండర్-16 పిల్లలకు ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, టీడబ్ల్యూ3 అంటారట. బాగానే ఉంది. కానీ నేను ఆలోచించేది వేరే. పద్నాలుగేళ్లవాడికి రెండేళ్లు అంటే ఆ వయసు ఆట మొత్తం పోయినట్టే. వాడు ఆ సర్టిఫికెట్ రాసుకున్నాడా? ఎనిమిది వేలు వాడి జేబులోంచి తీశాడా? పేపర్లో నిషేధం పడ్డ ఆటగాళ్ల పేర్లు చదివాను, ఆ తేదీ మార్పించిన పెద్దమనిషి పేరు ఒక్కటీ నా కంట పడలేదు. బస్సులో నవ్వినట్టే నవ్వి ఫుల్ టికెట్ కొని దిగిపోతాడు కాబోలు.

ద్రావిడ్ 2015 డిసెంబర్‌లో ఢిల్లీలో పటౌడీ స్మారక ఉపన్యాసంలో ఈ వయసు తొండి గురించే గట్టిగా మాట్లాడాడు. వయసు దాచినవాడు చిన్న స్థాయిలో పైకి రావడం ప్రతిభ ఎక్కువై కాదు, ఒళ్లు బలం ఎక్కువై అన్నది ఆయన మాట సారం. మా బెంచీ మీద ఆ వీడియో పెట్టి చూపించాను. ఎరువుల అన్న ఫోన్ వచ్చిందని లేచిపోయాడు.

ఇక్కడ ఒక మాట. తేదీ తప్పున్న ప్రతివాడూ దొంగ కాదు. మన పాలమూరులో ఇది చెప్పకపోతే అన్యాయం. క్యాంపులో కీపింగ్ చేసే ఒక తండా పిల్లాడున్నాడు. అమ్మానాన్న పుణేలో కట్టుబడి పనికి పోతే అక్కడే ఏదో షెడ్డులో పుట్టాడట. అవ్వ తెచ్చి ఊళ్లో బడిలో వేసింది. సారు జూన్ 1 అని రాశాడు. నా పదో తరగతి మెమోలో ఉన్న తేదీ కూడా మా సారు వేసిందే. మా అమ్మకు గుర్తున్నది "కంది కోసే రోజులు" అని మాత్రమే. అది జూన్‌లో ఎట్లా వస్తుంది? ఆ తేదీ మీదే నాకు ఉద్యోగం, ఆ తేదీ మీదే రిటైర్మెంటు. రేపు ఆ కీపర్ పిల్లాడి ఎక్స్‌రేలో ఎముక ఏడాది ఎక్కువ చూపిస్తే వాడూ మోసగాడేనా? ఎరువుల దుకాణం కొడుకును, ఆ తండా పిల్లాణ్ని ఒకే గాటన కట్టే శిక్ష ఏదైనా నాకు ఒప్పుదల కాదు. మోసం అంటే అసలు తేదీ తెలిసి మార్చడం. విచారించేవాళ్లకు ఆ తేడా వెతికే ఓపిక ఉండాలి. వాడి కీపింగ్ చూడాలి మీరు, చేతులకు గోందు పూసుకున్నాడా అన్నట్టు ఉంటుంది.

శిక్ష పెద్దదైతే భయపడతారా అంటే, నేను నమ్మను. టికెట్ లేకుండా దొరికితే జరిమానా ఉందని బస్సులోనే రాసి ఉంటుంది, దాని కిందే కూర్చుని ప్రయాణం చేస్తారు. కానీ దేవరకద్ర స్టాపులో చెకింగ్ వాళ్లు నిలబడ్డారని డ్రైవర్ అన్న అద్దంలోంచి చూసి అంటే చాలు, అప్పటిదాకా నిద్ర నటించినవాళ్లు కూడా "మేడమ్, టికెట్" అని లేస్తారు. ఎన్నేళ్ల నిషేధం అన్నది కాదు, ఎక్స్‌రే జిల్లా సెలక్షన్ దగ్గరే తీస్తారా లేదా అన్నదే వాళ్లను కదిలిస్తుంది. మా కోచ్ ధైర్యమంతా పైదాకా పోతేనే కదా చూసేది అన్నదే.

ఇంటి కథ కూడా చెప్పాలి కదా. మా ఆయన ఒక రాత్రి మెల్లగా, "ఒకసారి ఆలోచించరాదూ, పిలగాడు మంచిగ ఆడుతున్నడు" అన్నాడు. బెంచీ మీద అంత వాదించిన మనిషి. కాదన్నాను. మావాడు రెండు రోజులు అన్నం దగ్గర నాతో మాట్లాడలేదు. "అందరి అమ్మలు ఒప్పుకున్నరు" అన్నాడు. అందరూ కాదు, నలుగురిలో ఇద్దరు. మూడో రోజు వాడే అడిగాడు, "అమ్మా, ఆరో తరగతి అంటే మళ్లా ఆ పుస్తకాలన్నీ చదవాల్నా? హిందీ కూడానా?" నేను అవును, మూడేళ్ల హిందీ అన్నాను. ఆ పైన గొడవ చల్లబడింది. నేను చెప్పిన నీతి వల్ల కాదు, హిందీ వల్ల. ఏదైతేనేం.

కోచ్‌కు వద్దని చెప్పినప్పుడు ఆయన గొడవ చేయలేదు. "మీ ఇష్టం అక్కా" అన్నాడు. కానీ తర్వాతి రెండు మ్యాచుల్లో మావాణ్ని ఎనిమిదో నంబర్‌కు దింపాడు, ఒకదాంట్లో బ్యాటింగే రాలేదు. అడిగితే టీం కాంబినేషన్ అన్నాడు. కావచ్చు. జూన్ నెలకు ముందే కట్టిన 2,000 వెనక్కి అడిగితే 1,500 ఇచ్చాడు, కిట్ రూం చార్జి అని 500 పట్టుకున్నాడు. రసీదు ఇవ్వలేదు. టికెట్ చింపి ఇచ్చే మనిషిని, రసీదు లేకుండా డబ్బు చేతులు మారితే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మార్కులు: కోచింగ్‌కు అయిదుకు నాలుగున్నర. గ్రౌండుకు మూడు. ఆడవాళ్ల సౌకర్యాలకు ఒకటి, అదీ వేపచెట్టు నీడకు. పిల్లల తేదీల విషయంలో సున్నా. మొత్తం కలిపి రెండున్నర ఇద్దామనుకున్నా, ఇక్కడ పెట్టే స్టార్లలో మా బస్సులో ఉన్నట్టు హాఫ్ లేదు. రెండే ఇస్తున్నా. బాత్రూం కట్టిస్తే, ఆ ఆఫీసు గది మాటలు ఆపితే వచ్చి మూడుకు, నాలుగుకు మారుస్తా. కోచ్ చదివితే చదవనీ, ఆయనకు పిల్లలకు ఆట నేర్పడం వచ్చు, ఆ ఎనిమిది వేల మనిషి అవసరం లేదు.

పంపేవాళ్లకు: ఉదయం బ్యాచే తీసుకోండి, సాయంత్రం ఎండ బ్యాటింగ్ చేసేవాడి కళ్లలోకే కొడుతుంది. రెండు లీటర్ల నీళ్లు ఇంటినుంచే. బ్యాట్ బయట కొనండి. చేర్చుకునేటప్పుడు ఆధార్, బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఇక్కడ పెట్టి వెళ్లమంటారు. పెట్టకండి. జిరాక్స్ ఇచ్చి, దాని మీద ఏ తేదీన, దేనికోసం ఇచ్చారో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకోవడానికి ఒక్కసారే అవకాశం ఉంటుంది, అది మీకు తెలియకుండా ఎవరూ వాడేయకూడదు.